చుట్ట రుచిని తొలి దమ్ములోనే తేల్చలేం

సంపాదకులకు,

సిగార్ల రుచిపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో మన లంక పొగాకు ఊసే లేకపోవడం ఆశ్చర్యం కలిగించింది. గోదావరి వరద వదిలివెళ్లే ఒండ్రులో పండిన ఆ ఆకుతో చుట్టిన చుట్టలు ఆంగ్లేయుల కాలంలో ‘లంకా’ అన్న పేరుతోనే చలామణి అయ్యాయి. 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలసిందీ మన రాజమండ్రిలోనే.

సిగారు పొడవును మొదలు, నడుమ, చివర అని మూడు భాగాలుగా లెక్కించి రుచి చూస్తారన్న మాట నిజమే గాని, కారణం కూడా చెప్పవలసింది. పొగ నోటిదాకా వచ్చే దారిలో తారు, నికోటిన్ మిగిలిన ఆకులో పేరుకుంటూ పోతాయి కనుక, మొదట ఎండుగడ్డి వాసనతో తేలిగ్గా తగిలిన పొగ సగానికి వచ్చేసరికి వేయించిన జీడిపప్పు కమ్మదనంలోకి మారి, చివర మిరియపు ఘాటుగా, తొందరపడితే వట్టి చేదుగా దిగుతుంది. మా తాతగారు నిమిషానికి ఒక్క దమ్ముకు మించి లాగేవారు కారు. అంగుళం పొడవున రాలకుండా నిలిచిన తెల్లని నుసిని మాకు చూపించి, ఆకు బాగా మాగిందనేవారు. (ఆయన్ను చివరకు దగ్గే తీసుకుపోయింది, అది వేరే సంగతి.)

వ్యాసకర్త ఒక్కో సిగారుకు మొత్తంగా ఒకే మార్కు వేశారు. చివరి భాగానికి విడిగా వేసి ఉంటే, ఆ సిగార్లలో ఏది చివరిదాకా రుచి నిలుపుకునేదో తెలిసేది.

– ఒక పాఠకుడు, కోనసీమ