అమ్మలూకి నాన్న రాసే ఉత్తరం

అమ్మలూ,

ప్రభువు కృపలో ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాలు నొప్పి తగ్గింది కానీ మెట్లెక్కొద్దని నేనే ఆపుతున్నాను. చిన్నోడికి పరీక్షలయిపోయాయి. నీ గది తనకిచ్చేయమని అడుగుతున్నాడు, అది కుదరదని చెప్పాను. నీ పుస్తకాల మీద దుమ్ము దులిపి మళ్ళీ నువ్వు పెట్టిన వరసలోనే సర్దాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటనుకుంటావేమో. ఫోన్లో "బాగున్నాను నాన్నా, క్లాసుంది" అంటావు, నేను "సరేరా" అంటాను, అంతటితో అయిపోతుంది. రాస్తే కాస్త తీరిగ్గా మాట్లాడినట్టుంటుందని కూర్చున్నాను. ప్రత్యేకించి విశేషమేమీ లేదు.

మీ యూనివర్సిటీ కొత్త సైన్స్ బ్లాకు ఫొటోలు చూశాను. నిన్ను చేర్పించడానికి వచ్చినప్పుడు అక్కడ పునాదులు తవ్వుతున్నారు, నీ పెట్టె చక్రం ఆ కంకరలోనే ఊడిపోయింది. ఇప్పుడు నాలుగంతస్తులు లేచాయి. కొత్త కోర్సులు వచ్చాయట, పిల్లలు బాగా పెరిగారట. చాపెల్ చాలక ఆదివారం ఆరాధన రెండు విడతలుగా పెడుతున్నారని కూడా చదివాను. చాలా సంతోషం. అయితే రెండు విడతలంటే ఒక ఇబ్బంది ఉంది. మొదటిదానికి రాని పిల్ల రెండోదానికి వస్తుందిలే అనుకుంటారు, రెండోదాంట్లో కనబడకపోతే మొదటిదానికి వచ్చి వెళ్ళిందిలే అనుకుంటారు. మాటవరసకి అన్నాను.

నాకెప్పుడూ ఈ కాలేజీలు మొదలైన రోజులంటే ఇష్టమని నీకు తెలుసు. 1818లో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో కేరీ, మార్ష్‌మన్, వార్డు అనే మిషనరీలు కాలేజీ పెట్టినప్పుడు క్రైస్తవుల పిల్లలతోపాటు హిందువుల పిల్లల్నీ చేర్చుకున్నారు. ఒక్క బైబిలే చెప్పి ఊరుకోలేదు. చెప్పులు కుట్టే పనిలోంచి పైకొచ్చిన కేరీ అక్కడ వృక్షశాస్త్రం పాఠాలు చెప్పాడు. ఆ ఊరు అప్పట్లో డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉండేది. 1827లో వాళ్ళ రాజు ఆ కాలేజీకి డిగ్రీలిచ్చే అధికారం రాసిచ్చాడు. అంత పెద్ద పేరు వచ్చినా చోటు చిన్నదే. అలాంటి చోట ఒక పిల్లవాడు రెండు రోజులు కనబడకపోతే పంతులుకి తెలిసిపోతుంది. వేలమంది ఉన్న క్యాంపస్‌లో అలా తెలియాలంటే ఎవరో ఒకరు పనిగట్టుకుని చూడాలి. మీకు మెంటర్ గ్రూపులని పెట్టారు కదా, పదిమందికో టీచరు. అవి జరుగుతున్నాయా? నీ గ్రూపు టీచరు ఎవరు? పోయిన ఏడాది చెప్పావు, ఈ ఏడాది చెప్పలేదు.

రాత్రి రెండింటిదాకా లైబ్రరీలో ఉంటున్నావని చిన్నోడు అన్నాడు. వాడికెలా తెలిసిందంటే, ఆ వేళకి నువ్వు ఫోన్లో కనబడతావట. కళ్ళజోడు మార్చుకున్నావా? ఆ ఎడమ కన్ను నంబరు పెరుగుతోందని డాక్టరు అప్పుడే అన్నారు. లైబ్రరీ నుంచి హాస్టల్‌కి వెళ్ళే దారిలో దీపాలు తక్కువ, ఒక్కదానివే రాకు. దగ్గు ఉంటే వారం చూద్దామని కూర్చోకుండా హెల్త్ సెంటర్‌కి వెళ్ళు. వేళకి తిను.

మొన్న మేరత్త ఫోన్ చేసింది. కుశలాలన్నీ అయ్యాక, "మీ అమ్మాయి చాపెల్ క్వయర్లో పాడటం మానేసిందట కదా తమ్ముడూ, ఆరాధనలో కూడా కనబడటం లేదట" అంది. వాళ్ళ తోడికోడలి కూతురు మీ పై అంతస్తులోనే ఉంటుంది కదా, ఆ పిల్ల చెప్పిందట. అత్త చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని మీ నాయనమ్మ అనేది. నేనూ సగం తీసేశాను. మిగిలిన సగం గురించే ఆలోచిస్తున్నాను. అమ్మకి చెప్పలేదు.

సరే, అది అలా ఉంచు.

ఈ సెమిస్టర్‌లో పాత నిబంధన పరిచయం పేపరు ఉందన్నావు. ఆ క్లాసులో మోషే పంచకాండాలను, అంటే బైబిల్ మొదటి ఐదు పుస్తకాలను, ఒక్కరే ఒక్కసారిగా రాసినవి కావనీ, వేర్వేరు కాలాల రచనలు కూర్చినవనీ చాలామంది పండితులు అనుకుంటారని చెబుతారు. ఆదికాండం మొదటి అధ్యాయంలో సృష్టి ఒక క్రమంలో ఉందనీ, రెండో అధ్యాయంలో ఇంకో క్రమంలో ఉందనీ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. సండే స్కూల్లో బొమ్మలకి రంగులేసి వచ్చిన పిల్లలకి అది ఒక్కసారిగా వింటే కాళ్ళ కింద నేల కదిలినట్టుంటుంది. కొందరు ఆ ప్రొఫెసర్ మీద కోపం తెచ్చుకుంటారు. కొందరు ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళు తమని మోసం చేశారనుకుంటారు. చాలామంది ఎవరికీ ఏమీ చెప్పరు, నెమ్మదిగా తగ్గిపోతారు. నీకు అలా అయిందని కాదు. నువ్వయితే ఆరో తరగతిలోనే సండే స్కూల్ టీచర్ని అడిగావు, ద్వితీయోపదేశకాండం ఆఖర్లో మోషే చనిపోవడం ఉంది కదా, అది మోషే ఎలా రాశాడు అని. ఆవిడ నీ చెయ్యి పట్టుకుని మన ఇంటిదాకా వచ్చింది ఫిర్యాదు చెయ్యడానికి. నాకు ఆరోజు ఎంత గర్వంగా అనిపించిందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. అందుకే నిన్ను ఆ క్రైస్తవ యూనివర్సిటీలో చేర్పించాను. అడిగే పిల్లకి జవాబు చెప్పడానికి అలవాటుపడ్డ మనుషులు అక్కడ ఉంటారని.

నువ్వు ఫిజిక్స్ పిల్లవి, నీకు జార్జ్ లెమైత్ర్ పేరు నేను చెప్పాల్సిన పని లేదు. 1923లో కాథలిక్ ఫాదర్‌గా అభిషేకం పొందినవాడు, బెల్జియంలో లూవెన్ కాథలిక్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవాడు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లోనే రాశాడు. లెక్క సరిగ్గానే ఉంది గానీ ఫిజిక్స్ మాత్రం తనకు మింగుడుపడటం లేదని ఐన్‌స్టీన్ ఆయన మొహం మీదే అన్నాడట. అయినా వెనక్కి తగ్గలేదు. విశ్వమంతా ఒక ఆదిమ అణువులోంచి మొదలైందని 1931లో ఇంకో అడుగు ముందుకేశాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది దీనివల్ల కాదు. 1951లో పోప్ 12వ పయస్ ఈ సైన్సు సృష్టి జరిగిందనడానికి సాక్ష్యమిస్తోందన్నట్టు మాట్లాడినప్పుడు, అందరికంటే సంతోషించాల్సినవాడు లెమైత్ర్. ఆయనకి అది నచ్చలేదు. తన సిద్ధాంతాన్ని విశ్వాసానికి ఊతకర్రగా వాడొద్దన్నాడు. లెక్కని లెక్కగా నిలబడనిచ్చాడు, ప్రార్థనని ప్రార్థనగా ఉంచుకున్నాడు, రెండింట్లో దేన్నీ దాచుకోలేదు. నువ్వు రెండింటినీ ఇవాళే కలిపి తీరాలని ఎవరూ నిన్ను తొందరపెట్టడం లేదు, నేనయితే అసలే పెట్టను.

పెదనాన్న సంగతి నీకు పూర్తిగా ఎవరూ చెప్పి ఉండరు. తాతయ్య పోయేనాటికి ఆయన డిగ్రీ రెండో సంవత్సరం, మిషన్ కాలేజీ హాస్టల్లో ఉండేవాడు. సమాధి కార్యక్రమం అయ్యాక తిరిగి వెళ్ళాడు గానీ చాపెల్ గుమ్మం ఎక్కలేదు. అంతకుముందు క్వయర్లో ముందు వరసలో నిలబడి పాడినవాడు. చాపెల్ చూసుకునే పాదిరి చాప్లిన్‌గారు కబురంపితే ఏదో వంక చెప్పి తప్పించుకునేవాడు. చివరికి ఆయనే ఒకరోజు హాస్టల్‌కి వచ్చారు. ప్రార్థన ఎందుకు మానేశావని అడగలేదు. "ఆర్గన్‌కి గాలి కొట్టే కుర్రాడు చదువైపోయి వెళ్ళిపోయాడు, నువ్వు కొడతావా? వెనక గదిలో కూర్చుంటే ఎవరికీ కనబడవు. పాడక్కర్లేదు" అన్నారట.

ఆ గది నేను చూశాను. ఆర్గన్ గొట్టాల వెనక చెక్కలతో కట్టిన ఇరుకు చోటు, ఒక మనిషి నిలబడితే నిండిపోతుంది. పొడుగాటి కర్ర పిడి ఉంటుంది, దాన్ని కిందికీ పైకీ ఆడిస్తుంటే తోలుతిత్తుల్లోకి గాలి నిండుతుంది. పక్కన గోడ మీద దారానికి వేలాడుతూ సీసపు గుండు. తిత్తి నిండేకొద్దీ గుండు కిందికి దిగుతుంది, గాలి తగ్గితే పైకి లేస్తుంది. గోడ మీద సుద్దముక్కతో ఒక గీత. గుండు ఆ గీత దాటి పైకి పోకుండా చూసుకోవాలి, అంతే పని. పెదనాన్న ప్రతి ఆదివారం అక్కడ నిలబడి గుండు వైపే చూస్తూ పిడి ఆడించేవాడు. వాక్యం వినేవాడినో లేదో కూడా గుర్తులేదన్నాడు. శనివారం సాయంత్రం చాప్లిన్‌గారు ఎదురుపడితే "రేపు వస్తావుగా" అనేవారట, ఇంకే మాటా ఉండేది కాదు.

ఒక ఆదివారం తాతయ్య ఇంట్లో పాడుకునే పాట ఎత్తుకున్నారు. పెదనాన్న చేతులు ఆగిపోయాయి. గుండు గీత దాటి పైకి వెళ్ళిపోయింది, ఆర్గన్ మూలిగినట్టు మూలిగి ఆగిపోయింది. సంఘం మాత్రం ఆగలేదట, ఉత్త గొంతులతోనే పాడుతూ పోయింది. మూడో చరణం దగ్గర ఆయన మళ్ళీ పిడి అందుకున్నాడు. ఎందుకాపావని ఆర్గన్ వాయించే ఆయన గానీ, చాప్లిన్‌గారు గానీ అడగలేదు.

అప్పుడే విశ్వాసం తిరిగొచ్చిందా అని నేను అడిగాను. "చేతులు నొప్పి పుట్టాయిరా" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. డిగ్రీ అయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాడు. ఇప్పుడు మన సంఘంలో అందరికంటే ముందు వచ్చి కిటికీలు తెరిచేది ఎవరో నీకు తెలుసు.

ఇదంతా నువ్వు క్వయర్‌కి వెళ్ళాలని చెప్పడానికి కాదు. గొంతు బాగోలేకపోయి ఉండొచ్చు, ప్రాక్టికల్స్ ఉండొచ్చు. కానీ ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. అటెండెన్స్ కోసం చాపెల్లో కార్డు పెట్టి పక్క గుమ్మంలోంచి జారుకునే పిల్లలుంటారట. వెళ్ళాలనిపించకపోతే మానెయ్యి, వార్డెన్ అడిగితే ఉన్నది చెప్పు, ఆ మార్కులేవో పోతే పోనియ్యి. వెళ్ళినట్టు చూపించుకోవడం మాత్రం అలవాటు చేసుకోకు. అది ఒక్క చాపెల్‌తో ఆగదు, రేపు ల్యాబ్ రికార్డులోకి వస్తుంది, ఆ తర్వాత ఇంట్లో మాట్లాడే మాటల్లోకి వస్తుంది. అర్ధరాత్రి హాస్టల్ మిద్దె మీద చేరి దేవుడు లేడని గట్టిగా వాదించే గుంపులు ప్రతి కాలేజీలోనూ ఉంటాయి. వినడంలో తప్పు లేదు. పగటిపూట నిద్ర చాలినాక కూడా ఆ వాదన అంతే బలంగా ఉందో లేదో చూసుకో. ఉందనిపిస్తే దాన్ని తీసుకెళ్ళి నీకంటే ఎక్కువ చదివినవాళ్ళ ముందు పెట్టు.

అలాంటి టీచరొకరు దొరకాలి నీకు. రాధాకృష్ణన్‌గారు మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో ఎం.ఏ. చదివినప్పుడు, వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకి జవాబుగా 1908లో థీసిస్ రాశారు. ఆ విమర్శ చేసేది మిషనరీలు, ఆయన గురువు ఏ.జి. హాగ్ కూడా మిషనరీయే. అయినా హాగ్‌గారు ఆ కుర్రవాడి పట్టు మెచ్చుకుంటూ సర్టిఫికెట్ రాసిచ్చారు. క్రైస్తవ కాలేజీ అనే మాటకి నా దృష్టిలో అంతకంటే మంచి ఉదాహరణ లేదు. తనతో ఏకీభవించని విద్యార్థికి కుర్చీ చూపించి కూర్చోమనే టీచరు మీ క్యాంపస్‌లోనూ ఉంటారు. తలుపు తట్టు.

మళ్ళీ పాఠం చెబుతున్నాను. అమ్మ ఉంటే ఇక్కడే ఆపించేది.

మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో జబ్బు చేసిన కొడుకుని యేసు దగ్గరికి తీసుకొచ్చిన మనిషి గుర్తున్నాడా? నమ్ముతున్నానని అంటూనే, నా అపనమ్మకం విషయంలో సాయం చెయ్యమని కేక పెడతాడు. ఆ మాట అన్నది కొడుకు కాదు తల్లీ, తండ్రి. సందేహం వచ్చినవాడు, బిడ్డకోసం పరిగెత్తినవాడు ఒక్కడే. ఆ పిల్లవాడు బాగుపడ్డాడు, ముందు నీ సందేహం తీర్చుకుని రమ్మని ఆ తండ్రిని ఎవరూ వెనక్కి పంపలేదు. నీకు ఏ ప్రశ్న వచ్చినా నాకు భయం లేదు. నువ్వు దాన్ని ఒక్కదానివే మోసుకుంటూ "బాగున్నాను నాన్నా" అంటున్నావేమోనన్నదే నా భయం. మేరత్త మాట తప్పయితే తప్పని చెప్పు. నిజమైతే నిజమని చెప్పు. రెండింట్లో ఏదైనా నువ్వు మా అమ్మాయివే, సెలవులకి రైల్వే స్టేషన్‌కి వచ్చేది నేనే.

శనివారం సాయంత్రం ఆరింటికి అమ్మ స్త్రీల కూటానికి వెళ్తుంది. చిన్నోడు ఆటకి పోతాడు. ఎనిమిదిదాకా ఇంట్లో నేనొక్కడినే ఉంటాను. అప్పుడు చెయ్యి. క్లాసుండదు కదా శనివారం సాయంత్రం.

దీవెనలతో,
నాన్న

తా.క. కళ్ళజోడు చీటీ ఫొటో తీసి పంపు, ఇక్కడ చేయించి పార్సిల్లో వేస్తాను. నీలం స్వెట్టరు కూడా అందులోనే పెడుతున్నాను, మోచేతి దగ్గర అమ్మ కుట్టేసింది. పెట్టెకి కొత్త చక్రం దొరికింది, సెలవులకి వచ్చేటప్పుడు ఆ పెట్టె తీసుకురా.