సి బ్లాక్ అబ్బాయి విషయం

అందరికీ నమస్కారం. ఆత్మహత్యకు ప్రయత్నించిన అబ్బాయి కోలుకుంటున్నాడు. వాళ్ల అమ్మగారు ఇదే గ్రూప్‌లో ఉన్నారు, మనం పెట్టే ప్రతి మెసేజ్ ఆవిడ ఫోన్‌లో మోగుతోంది.

"ఎలా చేసుకున్నాడు, లెటర్ దొరికిందా" అని అడగొద్దు. గేటు దగ్గర అంబులెన్స్ ఫొటో పెట్టినవాళ్లు దయచేసి తీసేయండి. "ఒక్క సబ్జెక్టు పోతేనే ఇంత పనా", "పిరికితనం", "పెంపకం లోపం"... ఇవి అసలే వద్దు. ఇలాంటివాటికి కారణం ఒక్కటే ఉండదు, మనం తీర్పు చెప్పేస్తే ఎలా? ఏం చేశాడో వివరంగా రాస్తే, అదే దిగులులో ఉన్న ఇంకొకరికి దారి చూపినట్టే. డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) మీడియాకు చెప్పేదీ ఇదే. మన ఫ్లాట్లలోనూ సప్లిమెంటరీకి చదువుతున్న పిల్లలున్నారు, పెద్దల ఫోన్లు వాళ్ల చేతుల్లోనే ఉంటాయి కదా!

పోలీసు కేసంటూ ఎవరో భయపెట్టారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు.

ఎవరికైనా మనసు బాగోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఆసుపత్రికి రాత్రి భోజనం పంపగలిగినవాళ్లు నాకు విడిగా చెప్పండి, గ్రూప్‌లో కాదు.