కంప కొట్టినంత మాత్రాన తొవ్వ కాదు

సంపాదకులకు,

వానలు వెనకబట్టగానే వరంగల్, హనుమకొండల నుంచి అడవి తొవ్వ పట్టేవాళ్లు ఎక్కువయ్యారు. రామప్ప, లక్నవరం, బొగత చూసేసినవాళ్లు ఇప్పుడు తారురోడ్డు లేని చోట్లు వెతుక్కుంటున్నారు. తాడ్వాయి మండలంలో దామెరవాయి గుట్టల మీది రాక్షసగుళ్లు (పురాతన రాతి సమాధులు), రేగొండ దగ్గర పాండవుల గుట్టలు, మంథని వైపు రామగిరి ఖిల్లా అలాంటివే. భాద్రపదం దాటేసరికి ఇలాంటి గుట్టల కాలిబాటలు గడ్డిలో, కంపలో కలిసిపోయి ఉంటాయి. బాగు చేయమని అడిగితే సాధారణంగా రెండింట్లో ఒకటి జరుగుతుంది. జేసీబీ దిగుతుంది, లేదంటే ఓ పది మంది కత్తులు పట్టుకుపోయి ఒక పూట కంప కొట్టి, ఫొటో దిగి వస్తారు. జేసీబీ గీరిన మట్టి మీద ముందు వయ్యారిభామ మొలుస్తుంది, దాని వెనకే లంటానా అనే ముళ్ల పొద వస్తుంది. పైపైన కొట్టిన కంపేమో రెండు వానలు పడితే మునుపటికన్నా ఒత్తుగా లేస్తుంది.

అసలు ఈ తొవ్వలు ఎవరో కొలిచి వేసినవి కావు. పశువుల మందలు, ఇప్పపూల గంపలు, తునికాకు కట్టలు, మేడారం జాతరకు కట్టిన ఎడ్లబండ్లు తిరిగినన్నాళ్లు వాటంతటవే తెరిచి ఉండేవి. బండ్ల స్థానంలో ఆటోలు వచ్చి, జనం రోడ్డెక్కాక అడుగు పడని దారిని అడవి నాలుగైదు వానాకాలాల్లోనే వెనక్కి తీసేసుకుంటుంది. పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజును మేడారానికి ఇప్పటికీ కాలినడకన అడవి దారినే తీసుకొస్తారు. అలాంటి దారుల ఆనవాళ్లు కోయ పెద్దలకు తెలిసినంతగా ఏ పటంలోనూ దొరకవు. అందుకే బాగుచేసే పనిలో మొదటి కూలీ వాళ్లకే దక్కాలి, తొవ్వ ఎటు పోయిందో చూపించినందుకు.

లంటానా సంగతి ముందు చూద్దాం. దీన్ని నేల మట్టానికి నరికితే చావదు. కాండం, వేరు కలిసే చోట ఉబ్బుగా ఒక గడ్డ ఉంటుంది. పిలకలన్నీ అక్కడి నుంచే లేస్తాయి. నేలలోకి మూడు నాలుగు అంగుళాల లోతున, ఆ గడ్డకు కింద, తల్లివేరును తెంచాలి. ఒకరు కొక్కెం కర్రతో పొదను వంచి పట్టుకుంటే ఇంకొకరు గడ్డపారతో వేరు తెంపుతారు. ఒంటరిగా చేస్తే ముళ్ల కొమ్మ ఎగిరి మొహానికి తగులుతుంది. పీకిన పొదను వేళ్లు పైకి ఉండేలా తలకిందులుగా పెట్టాలి. తడి నేలకు ఆనుకున్న కొమ్మ మళ్లీ వేరు తొడుగుతుంది. నేల ఇంకా మెత్తగా ఉండి, పండ్లు నల్లబడక ముందే ఈ పని అయిపోవాలి. పండు తిన్న పిట్టలు ఏ చెట్టు మీద వాలితే ఆ చెట్టు కింద మొలకలు వస్తాయి కాబట్టి మూడు నెలలకు ఒకసారి తిరిగొచ్చి ఆ మొలకలను చేత్తో పీకాలి. ఈ రెండో విడత లేకపోతే మొదటి విడత డబ్బు వాగులో పోసినట్టే.

మనిషి చేతులు చాచి నడవగలిగినంత, అంటే ఆరడుగుల వెడల్పు చాలు. ఎత్తు ఎనిమిదడుగులు. అంతకు మించి తెరిస్తే నేల మీద ఎండ పడి గడ్డి తలెత్తు లేస్తుంది. పైనున్న చెట్ల నీడే దారికి కాపలా, దాన్ని ముట్టుకోకూడదు.

నరికిన మొదళ్ల గురించి ఎవరూ పట్టించుకోరు. కత్తితో ఏటవాలుగా కొట్టిన వెదురు మొదలు శూలంతో సమానం. ఆరు నెలల తర్వాత గడ్డి కమ్మేస్తే అది కనబడదు, కాలు జారి పడినవాడి అరచేతిలో దిగుతుంది. రంపంతో నేలకు ఆనించి, అడ్డంగా, చదునుగా కోయాలి. వెదురునైతే కణుపుకు సరిగ్గా పైన కోయాలి. కణుపు నడుమ కోస్తే ఆ గొట్టంలో నీళ్లు నిలిచి దోమలు పుడతాయి.

దారిని కంప కన్నా ఎక్కువగా పాడుచేసేవి నీళ్లు. పాత బండిబాట చక్రాల కింద అరిగి చుట్టుపక్కల నేల కన్నా లోతుగా ఉంటుంది. వాన నీళ్లు అందులోకే చేరి, కొన్నేళ్లకు అది బాట పోయి ఒర్రె అవుతుంది. నడిచేవాళ్లు రాళ్లు తేలిన ఒర్రెను తప్పించుకుని పక్కన ఇంకో దారి తొక్కుతారు, అదీ కోసుకుపోతుంది. ఒక్క గుట్ట ఎక్కడానికి మూడు దారులు పడి, మూడూ పనికిరాకుండా పోయిన చోట్లు ఉన్నాయి. ముందుగా దారి ఉపరితలాన్ని లోయ వైపు కొద్దిగా వాల్చాలి, మీటరు వెడల్పుకు 5 సెంటీమీటర్లు. తర్వాత రాళ్లతో అడ్డకట్లు వేయాలి. అవి దారికి సరిగ్గా అడ్డంగా ఉండకూడదు, ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో ఉండాలి. సరిగ్గా అడ్డంగా వేస్తే నీళ్లు ఆగి ఒండ్రు దించుతాయి, కట్ట వెనక గుంట పూడిపోయి వచ్చే వానకు నీళ్లు కట్ట మీంచే దూకుతాయి. ఏటవాలుగా ఉంటే నీళ్లు తోసుకుంటూ ఒండ్రును బయట పడేస్తాయి. రాయిలో మూడింట రెండు వంతులు నేలలో పూడాలి. నీళ్లు బయటికి పోయే మూతి దారి అంచు దాటి కనీసం మూడడుగులు సాగాలి. నిటారుగా ఉన్నచోట 10, 15 మీటర్లకొకటి, వాలు తక్కువైతే 30 మీటర్లకొకటి చాలు. మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు పార పట్టుకుని పోయి, ఏ కట్ట పనిచేస్తోందో ఏది పూడిందో చూసుకోవాలి.

2024 ఆగస్టు 31న వీచిన గాలికి తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో 50 వేల దాకా చెట్లు కూలాయి. అలాంటి చెట్టు దారికి అడ్డం పడితే అందరికీ గొడ్డలే గుర్తొస్తుంది. రెండు చివర్లూ గట్టున ఆని, నడుమ గాల్లో వేలాడే దుంగను ముందే కింద నుంచి పూర్తిగా కోస్తే నష్టమే, పై నుంచి పూర్తిగా కోసినా రంపం ఇరుక్కుంటుంది. పై వైపు ఒత్తిడిలో ఉంటుంది, కింది వైపు సాగి ఉంటుంది. పైన మూడో వంతు కోసి, మిగిలింది కింద నుంచి కోయాలి, కోసేవాడు వాలుకు ఎగువన నిలబడాలి. కొమ్మల మీద వంగి, బిగిసి ఉన్న చెట్ల జోలికి పని తెలియనివాళ్లు పోకపోవడమే మేలు. అభయారణ్యాల్లో గాలికి పడిన చెట్లను కూడా తరలించకూడదని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14నే ఆదేశించింది. అందుకే ఇది అటవీ సిబ్బంది చేతుల మీదుగా జరగాల్సిన పని. దారి మేరకు కోసి, దుంగను అక్కడే పక్కకు దొర్లించి వదిలేయాలి.

ఇక గుర్తులు. దారి తప్పేది ఎక్కువగా తిరిగొచ్చేటప్పుడే. పోయేటప్పుడు వెనక వైపు నుంచి వచ్చి కలిసే పక్కదారి మన కంటికి ఆనదు. మనం తల తిప్పకుండా ముందుకు పోతాం. తిరిగొచ్చేటప్పుడు అదే చోటు రెండుగా చీలి ఎదురవుతుంది. అలసటలో, పొద్దువాలి ఉన్న వెలుగులో, ఆ రెండింట్లో బాగా తొక్కుడు పడిన దారి ఎంచుకుంటాం. అది పశువులు నీళ్లకు దిగే దారి కావచ్చు. అందుకే చీలిక ఉన్న ప్రతి చోటా తిరిగొచ్చేవాడి ముఖానికి కనబడేలా గుర్తు ఉండాలి. సున్నం ఒక్క వానకు పోతుంది కాబట్టి పసుపు ఆయిల్ పెయింటు వాడాలి. గుర్తు నేల మీది రాయి మీద పెడితే గడ్డిలో మునుగుతుంది, తలెత్తున చెట్టు బెరడు మీద వేయాలి. మేకులు కొట్టొద్దు. రాళ్ల కుప్పలను నమ్ముకోవద్దు, చెదపురుగుల కోసం ఎలుగుబంట్లు రాళ్లు తిరగేస్తాయి.

గుర్తులు లేని దారిలో నడవక తప్పనివాళ్లు నేల కన్నా పైకి చూడటం నేర్చుకోవాలి. బండిబాట ఎంత గడ్డి కమ్మినా పైన చెట్ల కొమ్మల మధ్య సన్నటి ఆకాశపు చీలిక మిగిలే ఉంటుంది. నడుము దాకా తెరిపిగా ఉండి పైన కంప కలిసిపోయి ఉంటే అది అడవి పందుల దారి, లంటానా లోపలికి సొరంగంలా తీసుకుపోయి వదిలేస్తుంది. ముఖం ఎత్తులో సాలెగూడు చెక్కుచెదరకుండా ఉంటే ఆ ఉదయం ఆ దారిన మనిషెవరూ పోలేదన్నమాట. మంచి దారిలో గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచేవాళ్లు కంపలో ఒకటి, ఒకటిన్నరకు మించి పోలేరు. ఈ లెక్క తప్పడం వల్లే జనం చీకట్లో చిక్కుకుంటారు. కార్తీకంలో ఆరు లోపే పొద్దు గూకుతుంది, గుట్టల నడుమ అంతకన్నా ముందే. పొద్దున ఏడుకు బయల్దేరితే పదకొండుకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, ఐదడుగుల వెదురు కర్ర, ప్యాంటు మీదికి లాగిన సాక్సులు ఉండాలి. ముందు మనిషికి, వెనక మనిషికి మూడు మీటర్ల ఎడం ఉంటే వదిలిన కొమ్మ కళ్లలో కొట్టదు. దుంగను ఒక్క అంగలో దాటొద్దు. దాని మీద కాలు పెట్టి, అవతల చూసి దిగాలి, రక్తపింజర ఆకుల్లో ఆకులానే ఉంటుంది. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం వద్దు. ఉంగరాలు, వాచీ తీసేసి, కాలు కదలకుండా కర్ర కట్టి మోసుకురావాలి. దూలగొండి నూగు అంటితే గోకొద్దు, ప్లాస్టర్ టేపు అద్ది పీకాలి. వచ్చిన పది రోజులకో రెండు వారాలకో జ్వరం తగిలితే, ఒంటి మీద కాలినట్టు నల్లటి పెచ్చు ఉందేమో చూసి, అడవికి పోయొచ్చామని డాక్టరుకు చెప్పాలి. అది స్క్రబ్ టైఫస్ కావచ్చు.

ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల్లో అడుగు పెట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి ఉండాల్సిందే. అనుమతి తీసుకునే రేంజ్ ఆఫీసులోనే ఎంతమంది, ఏ దారిన, ఎన్నింటికి తిరిగొస్తారో రాసిచ్చి పోవాలి. 2023 జూలైలో ముత్యంధార జలపాతం దగ్గర వాగు పొంగి పర్యాటకులు రాత్రివేళ అడవిలో ఇరుక్కుపోయారు. పోయేటప్పుడు మోకాలి లోతున్న వాగు తిరిగొచ్చేటప్పుడు అలాగే ఉండదు. కర్రెగుట్టల వైపు మాత్రం దారి ఎంత చక్కగా కనిపించినా పోవద్దు. అక్కడ మందుపాతరలు పెట్టామని మావోయిస్టులే 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు.

తొవ్వలు తెరిస్తే టేకు దొంగలకు దారి చూపినట్టే కదా అనేవాళ్లున్నారు. లారీ పట్టే దారికి అది నిజమే. మనిషి ఒక్కడు పట్టే దారిలో దుంగలు పోవు, బీట్ ఆఫీసరు మాత్రం పోతాడు. వేసవికి ముందు మంటలు పాకకుండా ఫైర్ లైన్లు కొట్టే పని ఎలాగూ ఉంటుంది. ఆ మనుషులతోనే, దానికి రెండు నెలల ముందు, జిల్లాకు ఒక్క తొవ్వ చొప్పున మొదలుపెట్టవచ్చు. ములుగు జిల్లాలో దామెరవాయి తొవ్వ అందుకు సరైనది. అయితే అక్కడ రంగు డబ్బా పట్టుకునే మనిషి గుట్ట కింద నుంచి పైకి కాకుండా, రాక్షసగుళ్ల దగ్గర మొదలుపెట్టి ఊరి వైపు నడుస్తూ గుర్తులు వేయాలి.

ఇట్లు,
అడవి దారులు నడిచే కొందరు పాఠకులు,
హనుమకొండ