తాళ్ల పేర్లు రాసి పంపు

లియాన్
ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

ఒరేయ్ లొట్టీ,

ముందే తిట్టకు. నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది, జవాబు రాయలేదు, ఒప్పుకుంటున్నాను. వాట్సాప్‌లో పెట్టే బొటనవేళ్లు జవాబు కింద లెక్క రావని నువ్వే అన్నావు. ఫోన్ చేద్దామంటే నేను సగం చెప్పకముందే నువ్వు మధ్యలో దూరి హెడ్‌మాస్టారి గొడుగు కథ ఎత్తుకుంటావు. ఈసారి మాత్రం మొత్తం నేనే చెప్పాలి. అందుకే కాగితం.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. ఉద్యోగం నడుస్తోంది, ప్రాజెక్టు ఇంకో రెండు నెలలు పొడిగించారు. మీ చెల్లెలి వీసా ఇంకా రాలేదు. అమ్మ మోకాలు అలాగే ఉంది, డాక్టర్ చెప్పిన వ్యాయామం చేయదు, చేశానని అబద్ధం చెబుతుంది. బియ్యం దొరుకుతున్నాయి, గోంగూర దొరకదు. నీకివ్వాల్సిన డబ్బులు గుర్తున్నాయి. అయిపోయాయి, మామూలు సంగతులు.

నిన్న వైన్ టూర్‌కి వెళ్లాను. నవ్వు, నవ్వు. వైన్ అంటే దగ్గుమందని పన్నెండేళ్లు నీతో వాదించింది నేనే. మీ చెల్లెలు వచ్చేస్తుందని జనవరిలోనే ఇద్దరికీ బుక్ చేశాను. వీసా రాలేదు, డబ్బులు వెనక్కి ఇవ్వం అన్నారు. రెండు సీట్లు దండగవడం కంటే ఒక్కటే దండగవడం నయం కదా అని రైలెక్కి బోన్ అనే ఊళ్లో దిగాను. బుర్గుండి ప్రాంతం, లియాన్‌కి ఉత్తరాన ఉంటుంది. ఆ ఊళ్లో 1443లో కట్టించిన ధర్మాసుపత్రి ఉంది. పైకప్పంతా రంగురంగుల పెంకులు, ముగ్గేసినట్టుంటుంది. దాని పేరు మీద ఏటా నవంబరులో వైన్ వేలం వేస్తారు, 1859 నుంచీ నడుస్తోందట. ఫోటోలు పంపాను కదా, నువ్వు చూసి ఉండవు.

ఎనిమిది సీట్ల వ్యాన్. కెనడా నుంచి ఒక రిటైరైన జంట, బెల్జియం అన్నదమ్ములు ఇద్దరు (వీళ్ల కథ వేరే ఉంది, తర్వాత చెబుతా), నోట్‌బుక్‌తో వచ్చిన ఒక కొరియా అమ్మాయి, నేను. నా పక్కన మీ చెల్లెలి సీటు ఖాళీ. అందులో నా సంచి కూర్చుంది. నడిపేది యాభై ఏళ్ల టీచరమ్మ. నిజంగానే స్కూల్లో చరిత్ర చెప్పేదట, ఇప్పుడూ చెబుతూనే ఉంది. మనం నిద్రపోతే పట్టేసుకునే రకం.

ఆమె చెప్పింది నాకర్థమైనంతలో ఇదీ. బోన్ నుంచి డిజోన్ వైపు వెళ్లే రోడ్డు పక్కన పొడుగునా ఒక కొండవాలు. ఎర్ర వైన్‌కి పినో నువార్ అనే ఒకే ఒక్క ద్రాక్ష, తెల్లదానికి షార్దొనే. మరి ఇన్ని వందల రకాల సీసాలెక్కడివి అంటే, నేల. కింద లోతైన మట్టి, నీరు నిలుస్తుంది, కాపు ఎక్కువ, రుచి పల్చన. నడిమి వాలులో సున్నపురాయి మీద పల్చటి మట్టి, నీళ్లు జారిపోతాయి, కాపు తక్కువ, ధర ఆకాశంలో. గ్రాంక్రూ అనే పై తరగతి తోటలన్నీ ఆ నడిమి బెత్తెడు మీదే ఉన్నాయి. మార్చి కదా, తీగలన్నీ మోడులు. తీగకొక కొమ్మ మాత్రం ఉంచి, దాన్ని వంచి కమ్మీకి కట్టేశారు, బడి దొంగని స్తంభానికి కట్టినట్టు.

మొదటి సెల్లార్‌లో పరువు పోయింది. అక్కడ వైన్‌ని నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్లో ఉమ్మేయాలట! తాగమని పోసి ఉమ్మమంటారేంట్రా? కెనడా పెద్దాయన మూడడుగుల దూరం నుంచి పిచికారీలాగా సూటిగా బకెట్లోకి కొట్టాడు. నాది గడ్డం మీదుగా చొక్కాలోకి పోయింది. తెల్ల చొక్కా. సరే, కల్లు గీసే మీ బాపు చూస్తే ఈ ఉమ్మే పనికి చెట్టు మీంచే మోకు విసిరి కొడతాడనుకుని, అక్కణ్ణుంచి శుభ్రంగా మింగేశాను, ఆరుకి ఆరూ. రెండో సెల్లార్‌కి వచ్చేసరికి కొండవాలు మరికాస్త వాలింది.

ఇంకో సంగతి. గ్లాసు చేతికి రాగానే నాకు తెలియకుండానే వేలు ముంచి ఒక చుక్క నేల మీద చిలకరించాను. కాటమయ్యకి, కల్లు గీసేవాళ్ల దేవుడికి. మీ ఇంట్లో పడ్డ అలవాటు. కొరియా అమ్మాయి దాన్ని కూడా నోట్‌బుక్‌లో రాసుకుంది, టేస్టింగ్‌లో అదొక పద్ధతేమో అనుకుని.

మధ్యలో రొమానే కొంతీ తోట దగ్గర ఆపారు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన వైన్‌లలో ఒకటి ఇక్కడిదే. 1945 నాటి ఒక్క సీసా 2018లో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లకు పోయిందట. వెళ్లి చూస్తే ఏముంది? నడుము కూడా రాని గోడ, ఒక రాతి సిలువ, లోపలికి దిగొద్దని ఒక బోర్డు. మొత్తం 1.8 హెక్టార్లు, అంటే నాలుగున్నర ఎకరాలు కూడా లేదు. మీ బావికాడి చేను దీనికంటే పెద్దది. ఆ తర్వాత వూజో. సిస్టర్షియన్ సన్యాసులు వేసిన తోట. చుట్టూ ఒకటే గోడ, లోపల 50 హెక్టార్లు, యజమానులు ఎనభై మంది దాకా. మీ పంచాయితీ తాడు, ఆ ఒక్క తాటిచెట్టుకి యజమానులు ఇద్దరే, దానికే పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరిగారు కదరా!

సరే, అసలు విషయం. ఇదంతా దీనికోసమే.

చివరి సెల్లార్ ఒక ముసలాయనది. డెబ్బై ఉంటాయి. చేతులు చూస్తే అచ్చం మీ బాపు చేతులే, అరచేతి మడతల్లో నలుపు, ఎంత కడిగినా పోదు చూడు, అలాంటివి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, టీచరమ్మే అటూ ఇటూ మార్చి చెబుతోంది. మెట్లు దిగితే చీకటి, చలి, బూజు వాసన, రెండు వరసల్లో పీపాలు. ఒక్కోటి 228 లీటర్లు. ప్రతి పీపా ముఖం మీద సుద్దముక్కతో తోట పేరు. ఆయన పొడుగాటి గాజు గొట్టంతో మొదటి పీపాలోంచి కాస్త, రెండో పీపాలోంచి కాస్త తీసి పోశాడు. ఒకే ద్రాక్ష, ఒకే ఏడాది పంట, చేసిన చెయ్యి ఒకటే. ఒక తోట రోడ్డుకి పైన, ఇంకోటి రోడ్డుకి కింద. ఏది ఏదో చెప్పండి అన్నాడు.

అందరూ చెర్రీ అన్నారు, తోలు అన్నారు, వయొలెట్ పువ్వన్నారు. నాకు వయొలెట్ పువ్వు వాసనే తెలియదు. కానీ రెండూ వేరని మాత్రం తెలిసిందిరా, ఒట్టు. మొదటిది పల్చగా, గలగలా జారిపోయింది. రెండోది నాలుక మీద కూర్చుంది. ఆరు గ్లాసుల ధైర్యం కదా, చెయ్యెత్తాను. "మొదటిది కిందిది, రెండోది పైది" అన్నాను, ఐఏఎస్ ఇంటర్వ్యూలో చెప్పినంత ఠీవిగా.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. తప్పు. తలకిందులు.

బెల్జియం వాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఎందుకలా అనుకున్నావని అడిగాడు. ఏం చెప్పాలి? మీ బాపు మాటే చెప్పాను. "కట్ట కింది తాడు పల్చగ పారుతది, గట్టు మీది తాడు చిక్కగ పారుతది." టీచరమ్మ అది ఫ్రెంచిలోకి మార్చేలోపు రెండుసార్లు ఆగి నన్ను మళ్లీ అడిగింది, చెట్టేనా, చెట్టు నుంచేనా అని.

ముసలాయన గాజు గొట్టం పక్కన పెట్టేశాడు. ఆయన చెప్పిందేమిటంటే, నా లెక్క తప్పు కాదట, సగమేనట. రోడ్డు కింద తోటలో వాళ్ల తాత నాటిన తీగలున్నాయి, కాసేదే నాలుగు గుత్తులు, అందుకే చిక్కన. పైది ఎనిమిదేళ్ల కింద కొత్తగా నాటింది. వయసు కూడా చూడాలి అన్నాడు. నా గుండె ఆగినంత పనయింది. మీ బాపు కూడా అదే అన్నాడు కదరా! "ముసల్దాని కల్లు ముందు ఏ చెట్టు పనికొస్తదిరా" అనేవాడు కదా! సగం పాఠం గుర్తుపెట్టుకుని సగం మర్చిపోయి, దేశం కాని దేశంలో ఆయన పరువు తీశాను.

ఇక చూడు, టూర్ ఆగిపోయింది. ఫోన్‌లో మొన్న దసరాకి తీసిన ఫోటో చూపించాను. మీ బాపు గెలల మధ్య వెనక్కి వాలి ఉన్నాడు చూడు, ముస్తాదు ఒక్కటే ఆధారంగా, నడుముకి లొట్టి. ముసలాయన కళ్లద్దాలు తెచ్చుకుని మరీ చూశాడు. ఎంత ఎత్తు? అరవై అడుగులన్నాను. రోజుకెన్నిసార్లు? రెండు. పోద్దాడు, పరుపుదాడు అని మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు అంటే ఆయనకి ఒక పట్టాన ఎక్కలేదు. ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది? అక్కడే పడి నవ్వాడు. పొద్దున తీపి, మధ్యాహ్నం ఘాటు, సాయంత్రం పులుపు, మర్నాడు పారబోయడమే అన్నాను. "నా వైన్‌కి ఇరవై ఏళ్లు పట్టే బతుకు మీదానికి ఒక్క పూటలో అయిపోతోంది" అన్నాడట. నా చుక్క సంగతి కూడా గమనించాడు. ఎవరికి అని అడిగాడు. కాటమయ్య అన్నాను. మాకు సెయింట్ విన్సెంట్ ఉన్నాడు, జనవరిలో ఊరేగిస్తాం అన్నాడు.

అప్పుడడిగాడురా ఆ ప్రశ్న. "చెట్లకి పేర్లున్నాయా?"

అంటే ఇక్కడ ప్రతి నేల చెక్కకీ పేరుంది. 2015లో యునెస్కో గుర్తించిన జాబితాలో 1,247 పేర్లున్నాయట. ఒకదాని పేరు ప్రేమికురాళ్లు. ఒకటి రాళ్లగని. తెల్ల వైన్‌కి పేరుపడ్డ ఒక గ్రాంక్రూ పేరు బతార్, అంటే తెలుగులో చెబితే మీ అమ్మ చీపురు తీస్తుంది. నాకు వెంటనే వెలిగింది. ఉన్నాయి అన్నాను. కరెంటు తాడు. పంచాయితీ తాడు. ముసల్ది. ఇంకోటి, మన తాడు (మూడో లొట్టి సంగతి చెప్పలేదులే, భయపడకు).

ఆయన సుద్దముక్క తీసుకుని ఒక ఖాళీ పీపా దగ్గరికి వెళ్లి నాతో మెల్లగా పలికించుకుంటూ ఫ్రెంచి అక్షరాల్లో "కరెంటు తాడు" అని రాశాడు! దాని కింద పంచాయితీ తాడు. నాలుగూ రాసి, మొత్తం ఎన్ని అన్నాడు. పద్నాలుగు. మిగతా పదీ? నాకు గుర్తు రాలేదు. ఎంత గింజుకున్నా రాలేదురా. ఆయన కింద పది గీతలు గీసి, ఖాళీగా వదిలి, సుద్ద జేబులో పెట్టుకున్నాడు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ దాచడం ఎందుకు. మీ బాపు తర్వాత చెట్లెక్కేదెవరు అని కూడా అడిగాడు ముసలాయన. కొడుకు అని చెప్పాను.

నువ్వు కూకట్‌పల్లిలో ఏసీలో కూర్చుని లోన్ ఫైళ్లు చూసుకుంటావని చెప్పబుద్ధి కాలేదు. ఇంటర్‌లో నువ్వు ఎక్కింది సగం చెట్టు, దిగింది... సరే వదిలేయ్. నిన్నేమీ అనడం లేదు. నేను మాత్రం ఏం ఎక్కాను? ఆయనకీ ముగ్గురు పిల్లలట. ఇక్కడ నేల ధర ఎంత పెరిగిందంటే, తండ్రి పోతే వారసత్వపు పన్ను కట్టడానికే తోట అమ్ముకునే పరిస్థితి. దారిలో టీచరమ్మ ఒక గోడ చూపించింది, క్లో దె లాంబ్రే అని, 2014లో హ్యాండ్‌బ్యాగులమ్మే ఎల్‌వీఎంహెచ్ కొనేసింది. దాన్ని ఆనుకునే ఉన్న క్లో ద తార్‌ని 2017లో ఇంకో కోటీశ్వరుడి కుటుంబం కొంది. ముసలాయన ముగ్గురిలో ఒకరు అమ్మేద్దామంటున్నారట. అది చెబుతున్నప్పుడు ఆయన గ్లాసుల్లో మిగిలిన వైన్‌ని మళ్లీ పీపాలో పోస్తున్నాడు. మా వైపు చూడలేదు.

అవునూ, ప్రభుత్వం ఇచ్చిన ఆ కాటమయ్య రక్షణ కవచం బాపు వేసుకుంటున్నాడా, ఇంకా మేకుకే వేలాడుతోందా? గొడవపడైనా సరే వేయించు. అరవై ఎనిమిదేళ్లురా.

ఇప్పుడు నీ పని. ఈ ఆదివారం ఊరికెళ్లు. బాపు పక్కన కూర్చుని పద్నాలుగు తాళ్ల పేర్లూ అడిగి రాయి. ఆయన ఎలా అంటే అలాగే రాయి, బ్యాంకు భాషలోకి సరిదిద్దకు. ఏ పేరు ఎందుకొచ్చిందో కూడా. నీ పెళ్లప్పుడు ఒకదాని పేరు మార్చాడని లీలగా గుర్తు, చెల్లెకి తెలిసే ఉంటుంది, ఆమెని కూడా అడుగు. ముసలాయన అడ్రసు నా దగ్గరుంది. బాపు కోసం ఒక సీసా కొన్నాను, ఆ ముసలి తీగలదే, మామూలు రకం, రొమానే కొంతీ అనుకునేవు. ఉమ్మాలని మాత్రం ఆయనకి చెప్పకు.

అయ్యో, పదకొండు కావస్తోంది. కింద లాండ్రీ మూసేస్తారు, ఆ తెల్ల చొక్కా మిషన్‌లోనే ఉంది, రేపు ఆఫీసుకి అదే. బెల్జియం అన్నదమ్ముల కథ చెప్పనే లేదు, వాళ్లు తిరుగు ప్రయాణంలో వ్యాన్ ఆపించి... అబ్బా, వాచ్‌మన్ లైట్లు ఆర్పుతున్నాడు. వచ్చే ఉత్తరంలో.

పది పేర్లు. మర్చిపోకు.

నీ
సొరకాయ