పునాది తవ్వగానే మట్టి, నీళ్లు పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

మా శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల చుట్టుపక్కల డ్రెయిన్లు, కల్వర్టులు, వాటర్ ట్యాంకులు కట్టేటప్పుడు గోతిలోని మట్టినీ, అందులో ఊరే నీటినీ ల్యాబ్‌కు పంపారా అని అడిగితే సరైన జవాబు రాదు.

మా వైపు ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు పిల్లర్లకు నేల నుంచి మూరెడు ఎత్తు వరకు తెల్లగా ఉప్పు తేలింది. అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. మేకుతో గీకితే పొడి రాలి కంకర బయటపడుతోంది. దాని మీద సిమెంటు పూసి రంగేశారు. ఆ పూత కూడా పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. పది మంది నీళ్లు పట్టుకునే చోటది, చూస్తుంటే భయమేస్తోంది.

సముద్రపు నీటిలో ఉప్పుతో పాటు మెగ్నీషియం సల్ఫేట్ అనే లవణమూ ఉంటుంది. ఉప్పు తీశాక మడిలో మిగిలే చేదు నీటిలో అది ఇంకా చిక్కబడుతుంది. నేలలోని చెమ్మతో పాటు సల్ఫేట్లు కాంక్రీటులోకి ఎక్కి, సిమెంటులోని అల్యూమినేట్లతో (అల్యూమినియం ఉన్న పదార్థాలతో) కలిస్తే ఎట్రింజైట్ అనే స్ఫటిక పదార్థం తయారవుతుంది. అది ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. మెగ్నీషియం అయితే కంకరనూ ఇసుకనూ పట్టి ఉంచే సిమెంటు బంధాన్నే మెత్తబరుస్తుంది.

‘సల్ఫేట్లను తట్టుకునే సల్ఫేట్ రెసిస్టింగ్ సిమెంటు వాడితే సరిపోతుంది కదా’ అంటారు. మన తీరంలో అంతటితో సరిపోదు. ఇక్కడ ఉప్పులోని క్లోరైడు కూడా ఉంది, అది కాంక్రీటులోని ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. క్లోరైడును కొంతైనా పట్టి ఆపేది అల్యూమినేటే, ఆ సిమెంటులో అదే తక్కువ. అందుకే సల్ఫేటూ క్లోరైడూ రెండూ ఉన్నచోట 50 శాతానికి పైగా స్లాగ్ (ఇనుము కరిగించేటప్పుడు కొలిమిలో మిగిలే చిట్టెం) ఉన్న సిమెంటు వాడవచ్చని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000 చెబుతోంది. ఉక్కు కర్మాగారం పక్కనే విశాఖలో ఉంది, స్లాగ్ మనకు కొత్త సరుకేమీ కాదు.

సిమెంటు మంచిదైనా నీళ్లు ఎక్కువైతే ఫలితం ఉండదు. నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 అంటే ఇసుకలోని తడితో కలిపి 50 కిలోల బస్తాకు 22 లీటర్ల చిల్లర. మాలు జారుగా ఉంటే పని సులువని మేస్త్రి ఇంకో బకెట్ పోయించాడంటే, ఆరాక ఆ నీటి జాడల్లోంచే ఉప్పు లోపలికి దిగుతుంది. స్లాగ్ సిమెంటుకు క్యూరింగ్, అంటే తడి ఆరకుండా ఉంచడం, కనీసం 10 రోజులు ఉండాలి. మూడో రోజుకే గోనెసంచులు ఎండిపోయి కనిపిస్తే ఎవరు అడుగుతున్నారు?

కలెక్టర్ గారికీ, పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీర్లకూ నా విన్నపం ఒకటే. సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు, గార వంటి తీర మండలాల్లో మట్టి, నీటి పరీక్ష రిపోర్టు జతచేయనిదే ఏ ఎస్టిమేటూ ఆమోదించకండి. పని దగ్గర పెట్టే బోర్డు మీద మొత్తం ఖర్చుతో పాటు ఏ రకం సిమెంటు, బస్తాకు ఎన్ని లీటర్ల నీళ్లు, క్యూరింగ్ ఏ తేదీ వరకు అనేవి కూడా రాయించండి. అప్పుడు ఊళ్లో వాళ్లే నిలదీస్తారు.

– రిటైర్డ్ సైట్ సూపర్‌వైజర్, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా