మూసినందుకు కాదు, తెరిచిన తీరుకే ఈ ఫిర్యాదు

అమ్యూజ్‌మెంట్ పార్కు కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: గేటు దాకా వచ్చిన మమ్మల్ని వెనక్కి పంపి, ‘రాలేదు’ అని రాసుకోవడం, లోపల క్యూల పరిస్థితి, వార్షిక పాస్ గడువు.

నమస్కారం.

మాది అయిదుగురి కుటుంబం. నేను, మా వారు, మా అత్తగారు, ఇద్దరు పిల్లలు. మీ వార్షిక పాస్ 2018 నుంచి మా దగ్గరుంది. ముందే ఒక మాట చెప్పేస్తాను, ఈ ఉత్తరాన్ని ‘రూల్స్ నచ్చని కస్టమర్’ అనే ఫైల్లో పడేయకుండా ఉంటారని. పార్కు పదమూడు నెలలు మూసినందుకు నాకు ఏ కోపమూ లేదు. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించాక వారం తిరక్కముందే అమెరికాలోనూ పారిస్‌లోనూ డిస్నీ పార్కులు మూతపడ్డాయి. షాంఘైలో అయితే జనవరిలోనే. అంత పెద్దవాళ్లే మూసుకున్నప్పుడు మీరు తెరిచి ఉంచాలని ఎవరంటారు? మాస్కు పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాం. ముందే స్లాట్ బుక్ చేసుకోమన్నారు, చేసుకున్నాం. నా గొడవంతా ఆ తర్వాత జరిగిన దాని గురించే.

గేటు సంగతి మొదట చెప్తాను.

మా స్లాట్ ఉదయం పదకొండింటికి. పార్కింగ్ నుంచి గేటు దాకా ఎప్పుడూ తిరిగే బస్సు ఈసారి లేదు. దూరం పాటించడం కుదరదని ఆపేశారట. సరే, నడిచాం. మాస్కులతో, ఎండలో, ఇరవై నిమిషాలు. గేటు ముందు లైను కూడా నీడ లేనిచోటే పెట్టారు, అక్కడ ఇంకో పావుగంట. మా అత్తగారికి డెబ్బై ఒకటి. టోపీ తీసి నుదురు చూపించగానే థర్మామీటర్ గన్ కూతపెట్టింది. 100.6. మీ బోర్డు మీద రాసిన హద్దు 100.4.

‘నాకు జ్వరం లేదే అమ్మాయ్’ అన్నారావిడ నా వైపు తిరిగి, ఏదో తప్పు చేసినట్టు.

కాసేపు నీడలో కూర్చోబెట్టి మళ్లీ చూడమని గేటు దగ్గరున్న అమ్మాయిని అడిగాను. ‘రెండోసారి చూసే రూల్ లేదు మేడమ్. ఒకరికి ఎక్కువుంటే గ్రూపంతా వెనక్కి వెళ్లాలి’ అంది. ఆ అమ్మాయిని నేనేమీ అనను. మాస్కు మీద ప్లాస్టిక్ షీల్డు, ఆ షీల్డు లోపల చెమట చుక్కలు. నాకంటే ఎక్కువసేపు ఎండలో నిలబడింది తనే. తనకు మీరు చేతికిచ్చింది ఒక గన్ను, ఒక నంబరు, అంతే.

ఆ గన్ సంగతి మీకు తెలియనిది కాదు. అది చూసేది చర్మం పైనున్న వేడిని, దాన్ని బట్టే లోపలి జ్వరం ఎంతో అంచనా కడుతుంది. ఎండలోంచి వచ్చిన మనిషి నుదుటి మీద పెడితే ఎండ వేడిని కూడా కలిపే చెప్తుంది. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ 2020 జులైలో తెరిచినప్పుడు హద్దు ఇదే 100.4. ఒకరు ఆగిపోతే వెంట వచ్చినవాళ్లూ ఆగాల్సిందే, అదీ ఇలాంటి రూలే. కాకపోతే ఎక్కువ చూపించినవాళ్లను వేరే చోటికి తీసుకెళ్లి రెండోసారి చూసే ఏర్పాటు అక్కడుంది. ఆ చెకింగ్‌ని కూడా 2021 మే నెలలో ఎత్తేశారు. వాళ్ల రూలును మీరు అక్షరం పొల్లు పోకుండా తెచ్చుకున్నారు, దాని పక్కన వేసిన కుర్చీని మాత్రం వదిలేశారు.

కారు దగ్గరికి తిరిగి వెళ్లి ఏసీ వేసుకుని కూర్చున్నాం. మా బ్యాగులో నోట్లో పెట్టుకునే థర్మామీటర్ ఉంది. అరగంట తర్వాత 98.2. ఫొటో తీశాను, జత చేస్తున్నాను. మా వారు ఒక్కరే మళ్లీ గేటు దాకా నడిచి వెళ్లి అడిగితే స్లాట్ టైం అయిపోయిందన్నారు. చిన్నవాడు కారులోనే నిద్రపోయాడు. ఇంటికి చేరేదాకా అత్తగారు ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంతవరకూ జరిగింది పొరపాటు అనుకుని వదిలేసేదాన్నే. ఆ రాత్రి మీ దగ్గర్నుంచి వచ్చిన మెయిల్ చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ‘మీరు బుక్ చేసుకున్న స్లాట్‌కు రాలేదు. మూడుసార్లు ఇలా జరిగితే నెల రోజుల పాటు బుకింగ్ నిలిపివేయబడుతుంది.’ రాలేదా? మీ గన్ ముందు నిలబడి, మీ మనిషితో మాట్లాడి, మీ పార్కింగ్ రసీదు చేతిలో పట్టుకుని వెనక్కి వచ్చినవాళ్లం రాలేదని మీ కంప్యూటర్ రాసుకుంది. వెనక్కి పంపడానికి దాంట్లో వేరే మీట లేదేమో. లేకపోతే పెట్టించాలి. ఒంట్లో బాగాలేని మనిషి ఇంట్లోనే ఉండిపోవాలని కదా మీ పోస్టర్ల నిండా రాసింది? ఉదయాన్నే జ్వరం చూసుకుని బుద్ధిగా ఇంట్లో ఆగిపోయినవాళ్లకూ ఇదే శిక్ష పడుతోంది. అప్పటికి రద్దు చేసుకునే గడువు దాటిపోయి ఉంటుంది మరి. మూడోసారి పాస్ ఆగిపోతుందన్న భయం ఉన్న మనిషి ఏం చేస్తాడు? ఒక మాత్ర వేసుకుని వచ్చేస్తాడు. మీ రూలే వాణ్ణి మీ గేటు దాకా నడిపించుకొస్తోంది.

రెండు వారాల తర్వాత మళ్లీ స్లాట్ దొరికింది. అత్తగారు రానన్నారు. ‘నా వల్ల పిల్లలు మళ్లీ వెనక్కి రావడమెందుకు, మీరెళ్లి రండి’ అన్నారు. నలుగురమే వెళ్లాం.

ఇక లోపలి సంగతి. ‘పావు వంతు మందికే ప్రవేశం’ అని మీ వెబ్‌సైట్ నిండా ఉంది. గేటు దగ్గర లెక్క పెడితే అది నిజమే అయ్యుంటుంది. కానీ ఆ రోజు పద్నాలుగు పెద్ద రైడ్లలో తిరుగుతున్నవి అయిదే. పరేడ్ లేదు. షోలు లేవు. లోపలి థియేటర్‌కు తాళం. గుంపు చేరకూడదని వాటిని ఆపారు, అర్థమైంది. అయితే మామూలు రోజుల్లో పార్కు జనాన్ని ఇముడ్చుకునేది వాటిలోనే కదా. ఒక పరేడ్ సాగితే వేల మంది అరగంట పాటు రోడ్డు పక్కనే ఆగిపోతారు, ఆ అరగంటా క్యూలు ఖాళీ అవుతాయి. వాటన్నిటికీ తాళం వేస్తే ఆ జనం ఎక్కడికి పోతారు? నడుస్తున్న అయిదింటి ముందుకే వస్తారు.

పైగా ఆ అయిదూ నిండుగా నడవవు. మేమెక్కిన రోలర్ కోస్టర్ రైలుకు ఆరు వరసలు, వరసకు నాలుగు సీట్లు, మొత్తం 24. ఒక వరస విడిచి ఒక వరస నింపుతున్నారు, అంటే 12. ఇద్దరే వచ్చినవాళ్లు నలుగురి వరసలో కూర్చుంటే ఇంకా తక్కువ. మధ్యలో తుడవడానికి ఆపుతారు. అంతా కలిపితే ఒక రైడ్ తిప్పగలిగేది మామూలు రోజుల్లో మూడో వంతు మందిని. అలాంటి రైడ్లు పద్నాలుగింటికి అయిదు. వేలు మడిచి లెక్కేసినా తెలుస్తుంది, మనుషుల్ని నాలుగో వంతుకు తగ్గించారు, తిప్పే శక్తిని ఎనిమిదో వంతుకు తగ్గించారు. అంటే మామూలు రోజులకన్నా రెట్టింపు క్యూ. మేము గంటా నలభై నిమిషాలు నిలబడ్డాం. మహమ్మారి సమయంలో మనుషుల్ని ఒకచోట అంతసేపు నిలబెట్టే ఏర్పాటు మీరే చేశారు, దానికి భద్రత అని పేరు పెట్టారు.

ఆ క్యూని మీరొకసారి స్వయంగా వెళ్లి చూడాలి. నేల మీద ఆరడుగులకు ఒక పచ్చ స్టిక్కర్ అంటించారు, రెండు పాదాల బొమ్మతో. ముందువాళ్లకూ మాకూ ఆరడుగులు, వెనకవాళ్లకూ మాకూ ఆరడుగులు. బాగుంది. కానీ మీ క్యూ తిన్నగా ఉండదు కదా, ఇనుప కమ్మీల మధ్య పాములా మెలికలు తిరుగుతుంది. కమ్మీకి అటు పక్క వరసలో ఉన్నాయన మోచెయ్యి నా భుజానికి జానెడు దూరంలో ఉంది. ఆయన మాస్కు గడ్డం కింద ఉంది. మా పాప తన స్టిక్కర్ మీద రెండు కాళ్లూ సరిగ్గా ఆ బొమ్మ మీదే పెట్టి నిలబడింది, పక్కనే ముక్కూ మొహం తెలియని నలుగురు పిల్లలు కమ్మీల మీదికి వంగి ఉన్నారు. మెలిక మెలికకూ ఒక వరస ఖాళీగా వదిలినా, మధ్యలో ప్లాస్టిక్ అడ్డు పెట్టినా సరిపోయేది. లేదా ఫోన్లో నంబరు ఇచ్చి, టైం వచ్చినప్పుడు రమ్మనొచ్చు. స్లాట్లకు యాప్ ఉంది కదా, అదే యాప్‌లో.

తుడిచే విషయంలో మాత్రం మీరు ఏ లోటూ రానివ్వలేదు, ఒప్పుకుంటాను. వీపుకు మెషిన్ తగిలించుకున్నవాళ్లు బెంచీల మీద, కమ్మీల మీద, చివరికి చెత్తబుట్టల మీద కూడా పిచికారీ కొడుతూనే ఉన్నారు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు చెప్పిందేంటంటే, తాకిన వస్తువుల నుంచి ఈ వైరస్ అంటుకునే ప్రమాదం చాలా తక్కువ, ఎక్కువగా పాకేది మనుషుల నోటి, ముక్కు తుంపరల నుంచే అని. పిచికారీ కొట్టేవాళ్లలో సగం మందిని క్యూ మెలికల దగ్గర నిలబెట్టి ఉంటే మాకు నిజంగా మేలు జరిగేది. ఇంకో చిన్న సంగతి. రైడ్ ఎక్కేముందు చేతిలో శానిటైజర్ పోస్తారు, అది ఆరకముందే సేఫ్టీ బార్ పట్టుకోమంటారు. చెయ్యి జారుతోంది. ఒక్క నిమిషం ముందు పోయండి.

‘కేకలు వేయరాదు’ బోర్డు గురించి కూడా ఒక మాట. ఇది ఫిర్యాదు కాదు. జపాన్‌లో 2020లో పార్కులు ఇదే రూలు పెట్టినప్పుడు ఫుజీ-క్యూ హైలాండ్ వాళ్లు ఇద్దరు అధికారుల్ని మాస్కులతో రోలర్ కోస్టర్ ఎక్కించి, వాళ్లు కిక్కురుమనకుండా కూర్చున్న వీడియో తీసి, ‘మనసులోనే అరవండి’ అని చెప్పారు. జనం నవ్వుకున్నారు, మాట కూడా చేరింది. మీ బోర్డు మీద కేకలు వేస్తే బయటికి పంపుతామని ఉంది. మా చిన్నవాడు ఆరేళ్లవాడు, వాడికి మనసులో అరవడం ఇంకా చేతకాదు.

పాపది వేరే బాధ. 2020 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు పెద్ద రైడ్ దగ్గర ఎత్తు కర్ర పక్కన నిలబెడితే 122 సెంటీమీటర్లకు రెండు తగ్గింది. ఆ పదమూడు నెలలూ తలుపు చెక్క మీద పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ కూర్చుంది. ఇప్పుడు 128. ఆ రైడ్ మూసేసి ఉందని మాకు దాని గేటు ముందుకు వెళ్లాకే తెలిసింది. మీ బుకింగ్ పేజీలో ఆ రైడ్ ఫొటోనే పైన ఉంది, నిన్న రాత్రి కూడా చూశాను. ఏవి నడుస్తాయో, ఏవి నడవవో స్లాట్ తీసుకోకముందే చెప్పడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఒక చిన్న పట్టీ చాలు.

చివరిగా పాస్. మూసి ఉన్నది పదమూడు నెలలు. మీరు గడువు పెంచింది తొంభై రోజులు. ఆ తొంభై రోజుల్లోనూ పాస్ ఉన్నవాళ్లకు శని, ఆదివారాల స్లాట్లు లేవని వస్తుంది. అదే రోజుకు మామూలు టికెట్ కొనబోతే మాత్రం వెంటనే దొరుకుతోంది. నేను రెండు కిటికీలు పక్కపక్కన తెరిచి స్క్రీన్‌షాట్ తీశాను. ఎప్పుడు తెరుస్తామో, ఎప్పుడు మళ్లీ మూయాల్సొస్తుందో మీ చేతిలో లేదని నాకు తెలుసు. హాంకాంగ్ డిస్నీలాండ్ 2020 ఒక్క ఏడాదిలోనే మూడుసార్లు మూతపడింది. కాలిఫోర్నియాలో 2021 ఏప్రిల్ నుంచి తెరవనిచ్చినా, జిల్లాలో కేసుల స్థాయిని బట్టి 15, 25, 35 శాతం అని మెట్లు కట్టారు. ఆ తెరిచే కబురు రాకముందే, జనవరిలో, అక్కడి డిస్నీలాండ్ తమ వార్షిక పాస్‌లు రద్దు చేసి, అర్హులైనవాళ్లకు డబ్బు వెనక్కిచ్చేసింది. ఇస్తామన్నది ఇవ్వలేమని తెలిశాక అలా చేయొచ్చు. మీరు రద్దూ చేయలేదు, స్లాటూ ఇవ్వడం లేదు.

ఇక నేను కోరేవి. మా పేరు మీద రాసిన ‘రాలేదు’ తీసేయండి, గేటు దగ్గర వెనక్కి పంపినవాళ్లందరి ఖాతాల్లోనూ తీసేయండి. ఆ రోజు పార్కింగ్ డబ్బు వెనక్కి ఇవ్వండి. గేటు ముందు నీడ వేసి, రెండోసారి చూడటానికి నాలుగు కుర్చీలు పెట్టండి. పాస్‌ను పూర్తిగా పదమూడు నెలలు పొడిగించండి, లేదా మిగిలిన కాలానికి లెక్కకట్టి డబ్బు ఇచ్చేయండి. రెండింటిలో ఏదైనా నాకు సమ్మతమే. క్యూ మెలికల సంగతికి జవాబు రాయనక్కర్లేదు, సరిచేస్తే చాలు, ఈసారి వచ్చినప్పుడు నేనే చూస్తాను.

‘మీ భద్రతే మాకు ముఖ్యం’ అనే మెయిల్ ఇప్పటికే మూడుసార్లు వచ్చింది. నాలుగోది వద్దు, మనిషి చదివి రాసిన జవాబు కావాలి. పదిహేను రోజులు చూస్తాను, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్‌కు ఇదే ఉత్తరం, ఇవే ఫొటోలతో వెళ్తుంది.

ఇట్లు,
మీ వార్షిక పాస్ కస్టమర్

జత చేసినవి: పార్కింగ్ రసీదు, థర్మామీటర్ ఫొటో, మీ ‘రాలేదు’ మెయిల్, రెండు స్క్రీన్‌షాట్లు.