పెద్దవాళ్ళ చేత ట్రయల్ ఫారం మీద వేలిముద్ర వేయించే ముందు

అందరికీ నమస్తే అండీ, ఇంట్లో మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళని చూసుకుంటున్నవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. మొన్న మా అత్తమ్మని ఇక్కడ బెంగళూరులోనే ఒక హాస్పిటల్‌కి తీసుకెళ్తే, కొత్త మందు ట్రయల్ అని చెప్పి ఇంగ్లీషు ఫారం ఇచ్చారు, ఆవిడకి ఇంగ్లీషు రాదు, కన్నడ కూడా అంతంతమాత్రమే, అయినా స్టాంప్ ప్యాడ్ తెచ్చి బొటనవేలు పట్టేసుకున్నారు, నేనే ఆపాను. ఆ సిరా వేలిని కొంగుకి తుడుచుకుంటూ "ఇల్లు రాయించుకుంటున్నారా అమ్మాయ్" అని అడిగింది, కడుపు తరుక్కుపోయింది నాకు.

2019 క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం మనకి అర్థమయ్యే భాషలోనే చెప్పాలండీ, చదువు రానివాళ్ళకైతే ఆ ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటినుంచి చివరిదాకా పక్కన ఉండాలి. తనంతట తాను ఒప్పుకునే స్థితి లేనివాళ్ళకి చట్టప్రకారం ప్రతినిధి సంతకం పెట్టాలి. ఇలాంటివాళ్ళ మీద పూర్తిగా కొత్త మందు పరీక్షిస్తుంటే ఒప్పుకోలు మొత్తం వీడియో తీయాలి కూడా. వద్దన్నా, మధ్యలో మానేసినా మామూలు ట్రీట్‌మెంట్ ఆపకూడదు, ఇది మాత్రం గట్టిగా అడగండి.

ట్రయల్సే వద్దని నేను అనట్లేదు, ఒంట్లో శక్తి ఉన్నవాళ్ళ మీదే పరీక్షిస్తే మన పెద్దవాళ్ళకి ఆ మందు పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది చెప్పండి. మన దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్‌ఐ సైట్‌లో ఆ ట్రయల్ రిజిస్టర్ అయిందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఫారం తెలుగులో చదివి చెప్పాలంటే నాకు మెసేజ్ పెట్టండి, ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను.